ఇంజన్ చల్లగా ఉంచండి

రాజ్‌దూత్ 350 అమ్మకానికి పెట్టినవారందరికీ,



మూడేళ్లుగా నేను పాత రాజ్‌దూత్ 350 మోటారుసైకిల్ ఒకటి కొనాలని తిరుగుతున్నాను. ఇప్పటికి పదకొండు బండ్లు చూశాను. గుంటూరు, నంద్యాల, రాజమండ్రి, హైదరాబాద్, అటు బళ్లారి దాకా వెళ్లొచ్చాను. శనివారం రాత్రి విజయవాడలో బస్సెక్కడం, ఆదివారం పొద్దున ఏదో ఒక ఊళ్లో ఒక బండి ముందు నిలబడడం, మళ్లీ రాత్రి బస్సుకి ఉత్తచేతులతో ఇంటికి రావడం నాకు అలవాటైపోయింది. మీలో కొందరు కూర్చోబెట్టి టీ ఇప్పించారు. కొందరు మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేశారు. కోపం తీర్చుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ఆ బండ్లు ఇంకెన్నో మిగల్లేదు. మిగిలినవి మీ చేతుల్లో ఉన్నాయి. మీతో కాక ఇంకెవరితో మాట్లాడను?

ఈ బండి వచ్చిన రోజుల్లో మన దగ్గర స్పోర్ట్స్ కారు మీద మోజు ఎంతమందికున్నా, కొందామంటే కార్లేవి? రోడ్డు మీద కనిపించేవి అంబాసిడర్, పద్మిని. వేగమంటే ఇష్టమున్న మధ్యతరగతి కుర్రాడికి రెండు చక్రాల మీదే ఆ ముచ్చట తీరాలి. అలాంటి సమయంలో, 1983లో, ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో ఇక్కడ తయారు చేసింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. జపాన్ బండికి 39 హార్స్‌పవర్ ఉండేది. మన పెట్రోలు ధరలు చూసి దాన్ని 30.5కి తగ్గించారు. అదీ ఎక్కువేనని తర్వాత 27కి దించారు. మొదటిది హై టార్క్, రెండోది లో టార్క్. ముందు చక్రానికి డిస్కు బ్రేకు పోయి డ్రమ్ము వచ్చింది. ఇన్ని కోతల తర్వాత కూడా, 18 హార్స్‌పవర్ బుల్లెట్టే పెద్ద బండిగా చెలామణీ అయ్యే కాలంలో, దానికి సాటి వచ్చే బండి లేదు. కానీ పెట్రోలు మంచినీళ్లలా తాగేది. లీటరుకి ఎన్నో కిలోమీటర్లు పోయే 100 సీసీ జపాన్ బండ్లు వెనకాలే వచ్చాయి. 80ల చివరికల్లా దీని తయారీ ఆగిపోయింది. ఆరేడేళ్లు బతికిన బండి అది.

నేను దాన్ని నడిపి ప్రేమించినవాణ్ణి కాను. విప్పి ప్రేమించినవాణ్ణి. తెనాలిలో మా ఇంటి వెనక సందులో ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. 1991 ఎండాకాలం సెలవుల్లో నాకు పదమూడేళ్లు. నూనె మరకల బనియన్‌తో ఉండే ఆ మెకానిక్ బాబాయి, నేను రోజూ గుమ్మం దగ్గర నిలబడడం చూసి, రాజ్‌దూత్ 350 సైలెన్సర్ల లోపలి గొట్టాలు చేతికిచ్చి బొగ్గు గీకమన్నాడు. పది రోజుల తర్వాత కార్బొరేటర్ జెట్లు పెట్రోలులో కడగనిచ్చాడు. నెల తిరిగేసరికి కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు పట్టడం నేర్పాడు. ఒక్కో సిలిండరుకి ఒక్కో జత పాయింట్లు. ఫీలర్ గేజి రేకు ఆ సందులో పెట్టి లాగితే, వెన్నలోంచి కత్తి లాగినట్టు కొంచెం పట్టి వదలాలి. పట్టకపోతే సందెక్కువ, బిగిస్తే తక్కువ. రెండు సిలిండర్లూ సరిగ్గా కుదిరాక బండి ఐడిలింగులో నిలబడి కొట్టుకునే ఆ చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ చప్పుడు కోసమే తిరుగుతున్నాను. పరుగు పందేల కోసం కాదు, గోడకి ఆనించి ఫొటోలు దిగడానికీ కాదు.

ఇక మీ ప్రకటనల సంగతి. అవి నాకు దాదాపు కంఠతా వచ్చేశాయి. ‘షోరూం కండిషన్, సింగిల్ హ్యాండ్, పేపర్లు క్లియర్, టైంపాస్ వాళ్లు ఫోన్ చేయొద్దు.’ ఫొటోలు మూడుంటాయి, మూడూ కుడివైపు నుంచే ఉంటాయి. ఎడమవైపు ఫొటో పంపమంటే ‘వచ్చి చూసుకోండి’ అంటారు. ఇంజన్ నంబరు ఫొటో అడిగితే ‘నమ్మకం లేకపోతే రావద్దు’ అంటారు. ధర అడిగితే ‘ముందు మీరు చెప్పండి’ అంటారు. మూడు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసే మనిషికి ఆ ఒక్క ఫొటో ఎంత అవసరమో మీకు తెలియదని నేననుకోను. రప్పిస్తే, వచ్చినవాడు ఖర్చులు పెట్టుకున్నాడు గనక ఉత్తచేతులతో పోలేక కొంటాడని మీ లెక్క. ఆ లెక్క నాలాంటి వాళ్ల మీద చాలాసార్లు పనిచేసిందని కూడా నాకు తెలుసు.

నంద్యాలలో చూసిన బండి గురించి చెబుతాను. వేపచెట్టు కింద స్టాండు వేసి ఉంది. ఎర్ర పెయింటు అద్దంలా మెరుస్తోంది. మొదట దాని చుట్టూ తిరిగాను. తర్వాత సిలిండరు ఫిన్స్ మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీశాను. కాలింది. ‘పొద్దున బయటికి తీశారా?’ అని అడిగాను. ‘లేదండీ, నెల రోజులుగా తీయనే లేదు’ అన్నాడాయన. నేనేమీ అనలేదు. అరుగు మీద కూర్చుని, ‘చల్లారాక చూస్తానండీ’ అన్నాను. రెండు గంటలు కూర్చున్నాను. ఆయన నాలుగుసార్లు లోపలికి వెళ్లొచ్చాడు. భోజనాల వేళయింది. చివరికి నేను పెట్రోలు తిప్పి, చోక్ లేపి, కిక్ కొట్టడం మొదలుపెట్టాను. పదిహేనో పదహారో కిక్కుకి అంటుకుంది. అంటుకున్నాక వచ్చిన తెల్లటి పొగకి వేపచెట్టు మొదలు కనపడలేదు. పది నిమిషాలైనా ఆ పొగ తగ్గలేదు.

టూ స్ట్రోక్ బండి గురించి తెలిసినవాళ్లకి ఆ పొగే అన్నీ చెబుతుంది. క్రాంకుకి క్లచ్ వైపున్న సీలు గట్టిపడి పగిలితే, గేరు ఆయిలు కొద్దికొద్దిగా క్రాంక్ కేసులోకి చేరుతుంది. బండి నిలబడి ఉన్నన్నాళ్లూ అది అక్కడ మడుగు కడుతుంది. స్టార్ట్ చేయగానే అంతా కాలి తెల్లగా వస్తుంది. కొనేవాడు రాకముందే ఓ అరగంట నడిపితే ఆ మడుగు కాలిపోతుంది, పొగ సన్నబడుతుంది, ఒకటి రెండు కిక్కులకే స్టార్టవుతుంది. అవతలి వైపు, ఆల్టర్నేటర్ దగ్గర సీలు పోతే పొగ రాదు, గాలి పీలుస్తుంది. అది ఇంకా ప్రమాదం. పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై, హైవే మీద స్పీడులో ఉండగా పిస్టన్ పట్టేస్తుంది. వెనక చక్రం లాక్ అవుతుంది. అప్పుడు దాని మీదున్నవాడికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మీరు పొద్దున్నే ఇంజన్ వేడి చేసి దాచింది ఇలాంటివాటినే.

ఆ సీళ్లు పోవడం తప్పు కాదు. నలభై ఏళ్ల రబ్బరు అది. క్రాంకు విప్పి కొత్త సీళ్లు వేయించాలంటే పెద్ద పనే, ఖర్చే, కానీ చేయగలిగిన పని. మీరు ‘సీళ్లు పోయాయి, ఇంజన్ దించాలి’ అని ఫోన్లోనే చెప్పి ఉంటే, ఆ ఖర్చు లెక్కగట్టుకుని, డబ్బు తీసుకునే వచ్చేవాణ్ణి. ఆ రోజు నంద్యాలలో ఆయనతో అదే అన్నాను. ఆయన తల దించుకుని, ‘అలా చెప్తే ఎవరొస్తారండీ’ అన్నాడు. నేనొచ్చేవాణ్ణి. నాలాగే ఇంకా కొందరొచ్చేవారు.

ఇంజన్ కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది సి బుక్కు. పదకొండు బండ్లలో ఓనరు పేరుతో, సరైన నంబర్లతో బుక్కున్నవి మూడు. మిగతా వాటిలో కొన్నిటికి బండి ఉంది, బుక్కు లేదు. ఒకచోట బుక్కు ఉంది, బండి లేదు. ‘బుక్కు ఒక్కటే అమ్ముతాం’ అన్నారు. మొదట నాకు అర్థం కాలేదు. ఏ ఊళ్లోనో పాత ఇనప సామానుకి పోయిన బండి తాలూకు బుక్కు అది. దాన్ని కాగితాల్లేని మరో బండికి తగిలిస్తారు. తగిలించాలంటే ఆ బండి మీద ఫ్యాక్టరీలో కొట్టిన నంబర్లు గీకి, బుక్కులోని నంబర్లు కొట్టాలి.

అలా కొట్టిన నంబరు నేను హైదరాబాద్‌లో చూశాను. బండి బాగుంది. ట్యాంకు మీద డెంటు లేదు, పుత్లీబౌలిలో దొరికే కొత్త సామాన్లు కాక పాతవే ఉన్నాయి. మా మెకానిక్ బాబాయి నేర్పినట్టు, ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దాను. ఆర్టీవో ఆఫీసు వాళ్లు తీసుకునే పెన్సిల్ ప్రింటే. కాగితం మీద అంకెలు తేలాయి. వాటి చుట్టూ సన్నటి గీతలు, ఆకురాయి జాడలు కూడా తేలాయి. ఒక 3 వెనక మరో అంకె నీడలా కనిపించింది. అది 8 అయి ఉండాలి. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది. నంబరు గీకి మార్చడం చట్టప్రకారం నేరమన్నది అందరికీ తెలుసు. దొంగిలించిన బండో కాదో చెప్పే దారి కూడా ఆ గీకుడుతో మూసుకుపోయింది. నాకు మాత్రం ఆ 8 గుర్తొస్తే బాధేస్తుంది. ఆ బండి ఏ నెలలో తయారైందో, ఏ షోరూములో ఎవరు కొన్నారో, హై టార్కో లో టార్కో తెలుసుకునే ఆఖరి ఆధారం అదే. గీకేశాక ఆ ఇంజన్ ఎంత బాగా నడిచినా అది ఏ బండో ఇక ఎవరూ చెప్పలేరు.

నంబర్లు సరిగ్గా ఉన్న బండి ఒకటి బళ్లారిలో దొరికింది. బుక్కు అనంతపురానిది. మొదటి ఓనరు 1986లో కొన్నాడు. అమ్మేవాడు ఏడో మనిషి. మధ్యలో ఐదుగురు తమ పేరు మీద మార్చుకోకుండానే, సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు 29, 30 ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ బండిని తిప్పారు. ఆ ఫారాలు కూడా ఎక్కడో పోయాయి. నాకు కావలసింది మొదటి ఓనరు సంతకం. ఆయన లేకపోతే వారసుల సంతకం, ఫారం 31. బుక్కులోని అడ్రసు పట్టుకుని అనంతపురం వెళ్లాను. పాత డోరు నంబరు. ఆ వీధిలో మూడుసార్లు తిరిగితే ఒక కిరాణా కొట్టు పెద్దాయన చూపించాడు. అక్కడిప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. వాచ్‌మన్ ఎనిమిదేళ్లుగా ఉంటున్నాడట, ఆ పేరే వినలేదన్నాడు. గేటు బయట నిలబడి, ఈ వాకిట్లోనే కదా ఆ బండి కొత్తగా వచ్చి ఆగి ఉంటుంది, కొబ్బరికాయ కొట్టి, హ్యాండిల్‌కి బంతిపూల దండ కట్టి ఉంటారు అనుకున్నాను. వెనక్కి వచ్చేశాను. ఆ బండి ఇంకా బళ్లారిలోనే ఉంది. నిక్షేపంగా ఉంది. దాన్ని న్యాయంగా కొనే దారి నాకు కనపడలేదు.

పేరు మార్చకపోతే మాకు నష్టమేమిటని మీరడగవచ్చు. బండి అమ్మితే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని చట్టం. రాష్ట్రం దాటితే ఎన్‌వోసీ కావాలి. ఎవరూ చేయరు. కానీ 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే ఆ చట్టం ప్రకారం వారే ఓనరు. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారి మీదే. ఎప్పుడో అమ్మేశామనుకున్న మనిషి ఇంటికి, తను ముఖమైనా చూడని ఎవరో చేసిన యాక్సిడెంటుకి నోటీసు రావచ్చు. మీ నాన్నగారి పేరు మీదున్న బండి అమ్ముతుంటే, దయచేసి ముందు ఆ పేరు మార్పించి అమ్మండి.

మరో సంగతి. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న టూ వీలర్లకీ, ఫోర్ వీలర్లకీ అవి వర్తిస్తాయి. నంబరు ప్లేటులో ‘వీఏ’ అన్న అక్షరాలుంటాయి, పదేళ్లు చెల్లుతుంది. మన దేశంలో తయారైన మొట్టమొదటి రాజ్‌దూత్ 350కి కూడా 50 నిండేది 2033లోనే. అప్పటిదాకా పదిహేనేళ్లు దాటిన ఏ పాత బండికైనా ఉన్నట్టే, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ వీటిని కాపాడుకోవాలి. ఆ నిబంధనల్లో ఛాసిస్, బాడీ, ఇంజన్ గణనీయంగా మార్చి ఉండకూడదన్న షరతుంది. ఇవాళ మీరు కోసేసిన వెనక ఫ్రేము, వేరే బండి నుంచి తెచ్చి అతికించిన ముందు ఫోర్కు, డిస్కు బ్రేకును 2033లో అధికారులు ఎలా చూస్తారో నాకు భయంగా ఉంది. ఆ డ్రమ్ము బ్రేకు చాలదన్న మాట నిజమే, నేను ఒప్పుకుంటాను. మార్చుకుంటే మార్చుకోండి. తీసిన డ్రమ్మును మాత్రం పారేయకండి. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టి, బండితోపాటు ఇవ్వండి.

ధరల గురించి పెద్దగా మాట్లాడను. ఒక పేరున్న క్రికెటర్ ఇంట్లో ఈ బండి ఉందని ఫొటోలు వచ్చిన దగ్గర్నుంచి ధర చుక్కలనంటుతోంది. మీ వస్తువు, మీ ధర. కానీ టోకెన్ డబ్బు తీసుకుని, రెండు రోజులకి ఇంకో పదివేలు ఎక్కువిచ్చినవాడికి బండి అమ్మేసి, నా డబ్బు నెల తర్వాత తిరిగి పంపడం బేరం కాదు. సైడ్ ప్యానెల్ మీద స్టిక్కరు అంటించి లో టార్క్ బండిని హై టార్క్ అని చెప్పడం అంతకన్నా అన్యాయం. లో టార్క్ చిన్నతనమేమీ కాదు. అదీ ఈ దేశంలో పుట్టిన బండే. దాని పేరుతోనే దాన్ని అమ్మండి.

ఇన్నిటి మధ్య ఒక మంచి మనిషి గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. ఆయనది రాజమండ్రి. రిటైరైన లెక్కల మాస్టారు. ఫోన్ చేసిన రోజే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు, రెండు నంబర్ల ఫొటోలు పంపించారు. వెళ్లేసరికి ఒక తెల్లకాగితం తయారుగా ఉంది. అందులో ఆయన చేత్తో రాసిన అక్షరాలు: లో టార్క్ మోడల్. రెండుసార్లు బోరింగ్ అయింది, ఇప్పుడున్నది 0.50 పిస్టన్. ఆయిల్ పంపు పనిచేయదు, టూటీ ఆయిల్ పెట్రోల్లో కలిపి పోస్తున్నాను. ఎడమ సైలెన్సర్ కంపెనీది కాదు, కంపెనీది తుప్పు పట్టి అటక మీద ఉంది. మూడో గేరు అప్పుడప్పుడు జారుతుంది.

నేనది రెండుసార్లు చదివాను. ‘మీరే కిక్ కొట్టండి బాబూ, మూడు రోజులుగా ముట్టుకోలేదు’ అన్నారు. ఇంజన్ చల్లగా ఉంది. ఏడో కిక్కుకి స్టార్టయింది. పొగ వచ్చింది, రెండు నిమిషాల్లో పల్చబడింది. పాయింట్లు కొంచెం తేడాగా ఉన్నాయి. మాస్టారు పాత టూల్ కిట్టు తెచ్చిచ్చారు. అరుగు మీద కూర్చుని నేనే సర్దాను. మళ్లీ స్టార్ట్ చేస్తే ముప్పై ఏళ్ల కిందటి ఆ చప్పుడు వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

ధర మాట్లాడదామన్నాను. ‘నిన్న రాత్రి కాకినాడ నుంచి ఒక కుర్రాడు మాట తీసుకున్నాడు బాబూ. మీరప్పటికే బస్సెక్కేశానన్నారు, ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. అతను ఇవాళ సాయంత్రంలోగా రాకపోతే మీకే’ అన్నారు. నేను ఎక్కువిస్తానన్నాను. సిగ్గుపడుతూనే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. సాయంత్రం అయిదింటికి ఆ కుర్రాడు వచ్చాడు. ఆ తెల్లకాగితం అతనికిచ్చారు. పాయింట్ల సందు ఎలా పట్టాలో నేనతనికి చూపించాను. ఆ బండి నాకు దక్కకపోయినా ఆ రాత్రి బస్సులో నిద్ర బాగా పట్టింది.

అందుకే ఇంకా తిరుగుతున్నాను, ఇంకా అడుగుతున్నాను. మీ షెడ్డులో, మీ మేడ మెట్ల కింద, టార్పాలిన్ కప్పి ఒక రాజ్‌దూత్ 350 ఉంటే, దానికి పెయింటు వేయించకండి. తుప్పు కనపడనివ్వండి. బుక్కు ఎవరి పేరు మీదుందో చెప్పండి. ఇంజన్ పట్టేసి ఉంటే పట్టేసిందనే చెప్పండి, విప్పడానికి నా దగ్గర పానాలున్నాయి. ఎంత దూరమైనా వస్తాను. నేను వచ్చేరోజు పొద్దున మాత్రం దాన్ని ముట్టుకోకండి. ఇంజన్ చల్లగా ఉంచండి. మొదటి కిక్ నన్ను కొట్టనివ్వండి.

ఇట్లు,
విజయవాడ నుంచి
ఒక కొనుగోలుదారు